విత్తనం తీసిపెట్టినవా బిడ్డా?

మా ఇంటికీ పెద్దమ్మ వాళ్ల ఇంటికీ నడుమ ఒకటే గోడ. నడుమెత్తు గోడ. రాత్రి పాలల్లోకి తోడు కావాలంటే గిన్నె ఇటు నుంచి అటు పోతుంది. మధ్యాహ్నం పచ్చిపులుసు గిన్నె అటు నుంచి ఇటు వస్తుంది. నందిపేట్‌లో మా వాడకట్టంతా ఇంతే. శివరాత్రి దగ్గరపడితే ఆ గోడ మీదికి పసుపు వాసన కూడా వస్తుంది. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఆ రోజులంటే పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఆరబోయడం. ఇంటిల్లిపాది చేతులూ పచ్చగా ఉంటాయి.

పోయిన శివరాత్రికి నాలుగు రోజుల ముందు పెద్దమ్మ గోడ దగ్గరికొచ్చి కేకేసింది.

"బిడ్డా, జర ఇటు రారాదు. మా మనుమడు పొద్దుగాల్నుంచి బువ్వ ముడ్తలేడు. వాళ్ల నాయిన ఇచ్చిన ఆట డబ్బ ఉన్నది గదా, గదేదో కొత్తది ఎక్కాలంటున్నదట. ఎక్కిస్తే పాతది పోతదేమోనని పోరడు భయపడుతున్నడు."

నేను ఆర్మూర్‌లో ఫోన్లు బాగుచేసే పని చేస్తాను. మా వాడకట్టులో ఏ ఇంట్లో ఏ పరికరం మొరాయించినా గోడ మీంచి ముందు నాకే పిలుపు వస్తుంది. వెళ్లి చూస్తే మంచం మీద నింటెండో స్విచ్. రెండు పక్కలా జాయ్‌కాన్లనే మీటల పట్టీలు, నడుమ తెర. పక్కన ఒక పెన్సిల్ డబ్బా, అందులో గోరంత ప్లాస్టిక్ ముక్క. ఆ ముక్క చూడగానే అర్థమైంది, ఇది మోడ్ చేసిన స్విచ్ అని, అంటే కంపెనీది కాని సిస్టమ్ కూడా నడిచేలా మార్చినదని.

స్విచ్‌ను మన దేశంలో కంపెనీ అధికారికంగా అమ్మలేదు. ఇక్కడ కనిపించేవన్నీ బయటి నుంచి తెచ్చుకున్నవే. నిజామాబాద్ జిల్లాలో ఆ "బయట" అంటే చాలా ఇళ్లకు గల్ఫే. పెద్దమ్మ కొడుకు, నేను అన్నా అని పిలిచే మనిషి, ఏళ్ల తరబడి దుబాయ్‌లో పని చేస్తున్నాడు. 2020లో కరోనా వచ్చి అందరూ గదుల్లో ఉండిపోయినప్పుడు, ఇంటికి పోతున్న స్నేహితుడి దగ్గర ఈ స్విచ్‌ను సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. అప్పటికే అది మోడ్ చేసి ఉంది. దాంతోపాటు ఒకే ఒక కార్ట్రిడ్జ్, "యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్". పోయినసారి సెలవుకు వచ్చినప్పుడు రెండూ కొడుకు చేతిలో పెట్టి వెళ్లాడు.

ఈ ఆట సంగతి చెప్పాలి, లేకుంటే పోరడి భయం మీకు అందదు. 2020 మార్చి 20న వచ్చిందిది. మన దగ్గర జనతా కర్ఫ్యూకు రెండు రోజుల ముందు. ఇందులో కొట్లాట లేదు, కాల్పులు లేవు. మీకొక దీవి ఇస్తారు. చెట్లు నాటాలి, చేపలు పట్టాలి, ఇల్లు కట్టుకోవాలి, పక్కింటివాళ్లతో మాట్లాడాలి. ఆటలో పొద్దు గడియారం ప్రకారమే నడుస్తుంది. ఇక్కడ రాత్రయితే అక్కడా రాత్రే. నెల రోజులు పోకపోతే దీవి నిండా గడ్డి మొలుస్తుంది. ఆదివారం పొద్దున టర్నిప్ దుంపలు కొని, సోమవారం నుంచి శనివారం లోపు అమ్ముకోవాలి. ధర పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. మళ్లీ ఆదివారం వచ్చిందా, దుంపలు కుళ్లిపోతాయి.

ఈ ముక్క చెప్పగానే పెద్దమ్మ మంచం అంచున కూర్చుంది.

"అయితే నిజామాబాద్ యార్డు లెక్కనే ఉన్నది. ఇయ్యాల ఒక ధర, రేపు ఒక ధర. గింత చిన్న డబ్బల గదంతా ఉన్నదా?"

ఉంది. అన్న ఆ దీవిని రెండేళ్లకు పైగా పెంచాడు. డ్యూటీ అయిపోయాక రాత్రి గంట, అరగంట. దీవికి ఊరి పేరు పెట్టుకున్నాడు. ఒడ్డు వెంట కొబ్బరి చెట్లు, ఇంటి ముందు పూల మడులు. వరుసలు చూస్తే ఎవరో రైతు నాటినవే అని తెలిసిపోతుంది, ఎడం తప్పలేదు. ఒక స్విచ్‌లో ఒక దీవే ఉంటుంది. ఎంతమంది ఆడినా అందరూ ఆ ఒక్క దీవి మీదే ఉండాలి. కాబట్టి ఇప్పుడు పోరడు ఆడుతున్నది నాయిన దీవిలోనే, నాయిన చెట్ల మధ్యే.

"కాకా, 2.0 అప్‌డేట్ కావాలె" అన్నాడు వాడు. "గది వేస్తే వ్యవసాయం వస్తది. గోధుమ, చెరుకు, ఆలుగడ్డ, టమాట, క్యారెట్ ఏయొచ్చు. వంట కూడ చెయ్యొచ్చు. మా దాంట్ల ఏం లేదు."

వాడు చెప్పింది నిజమే. 2021 నవంబర్‌లో ఆ 2.0 అప్‌డేట్ ఉచితంగా వచ్చింది. అంతకుముందు గుమ్మడి మాత్రమే పండేది. దీని తర్వాత పంటలు పెరిగాయి, వంట వచ్చింది, ఒక చిన్న కాఫీ హోటల్ కూడా తెరుచుకుంది. స్విచ్ తన దగ్గర ఉన్నన్నాళ్లూ అన్న దాన్ని నెట్‌కు కలపలేదు. ఆట పాత వెర్షన్ దగ్గరే ఆగిపోయింది.

"పసుపు లేదా అండ్ల?" అని అడిగింది పెద్దమ్మ.

"లేదు నానమ్మా."

"అయితే మనం ఈడ పండిద్దాం తియ్" అని వాడి తల నిమిరింది.

మామూలు స్విచ్ అయితే ఇది రెండు నిమిషాల ముచ్చట. నెట్‌కు కలిపితే అప్‌డేట్ అదే దిగుతుంది. మోడ్ చేసినదానికి అలా కుదరదు. ఎందుకు కుదరదో పోరడికి చెప్పినట్టే మీకూ చెబుతాను.

స్విచ్ 2017 మార్చి 3న వచ్చింది. లోపల ఎన్‌విడియా వాళ్ల టెగ్రా ఎక్స్1 చిప్. 2018 ఏప్రిల్‌లో ఆ చిప్‌లో ఒక లోపం బయటపడింది. దానికి ఫ్యూజే జెలే అని పేరు. పరికరం మొదలయ్యేటప్పుడు మొట్టమొదట నడిచే కోడ్‌లోనే ఆ లోపం ఉంది. తయారయ్యేటప్పుడే చిప్‌లో చెక్కేసిన కోడ్ అది. కాబట్టి అప్పటికే అమ్మినవాటిని కంపెనీ ఏ అప్‌డేట్ పంపి బాగుచేయలేదు. 2018 మధ్య నుంచి తయారైనవాటిలో చిప్‌నే సరిచేశారు. పెద్దమ్మ మనుమడిది ఆ పాత రకం. పెన్సిల్ డబ్బాలోని ప్లాస్టిక్ ముక్కను జిగ్ అంటారు. కుడి జాయ్‌కాన్ తీసి, ఆ పట్టీలోకి దాన్ని జరిపితే లోపల రెండు పిన్నులు కలుస్తాయి. అప్పుడు ఫోన్ నుంచి కేబుల్‌తో ఒక చిన్న ఫైలు పంపితే, కంపెనీ సిస్టమ్‌తోపాటు అట్మాస్ఫియర్ అనే మోడ్ సిస్టమ్ లేస్తుంది. బ్యాటరీ పూర్తిగా అయిపోయిందా, మళ్లీ జిగ్, మళ్లీ కేబుల్.

ఇలాంటి స్విచ్‌ను కంపెనీ సర్వర్‌కు కలిపితే, అది పసిగట్టి ఆ పరికరాన్ని తన ఆన్‌లైన్ సేవల నుంచి శాశ్వతంగా తీసేయగలదు. అందుకే అన్న ఏనాడూ వైఫై పాస్‌వర్డ్ కొట్టలేదు.

రెండో చిక్కు సిస్టమ్ అప్‌డేట్‌ది. ప్రతి ఆట అప్‌డేటూ "నేను నడవాలంటే సిస్టమ్ కనీసం ఈ వెర్షన్ ఉండాలి" అంటుంది. సిస్టమ్ పెంచితే మోడ్ కూడా ఆ కొత్త సిస్టమ్‌ను గుర్తుపట్టేంత కొత్తదై ఉండాలి. లేకుంటే లేవదు. కాబట్టి వరుస ఎప్పుడూ ఇదే. ముందు మోడ్, తర్వాత సిస్టమ్, ఆఖరున ఆట. తలకిందులు చేస్తే నల్ల తెర చూస్తూ కూర్చోవాలి. ఇంకొకటి, కంపెనీ ఇచ్చే పెద్ద సిస్టమ్ అప్‌డేట్లు చిప్‌లో ఫ్యూజులు కాలుస్తాయి. కాలిన ఫ్యూజు మళ్లీ అతకదు. ఎన్ని కాలాయో చూసుకుని, పాత సిస్టమ్ వెనక్కి ఎక్కించబోతే పరికరం ఒప్పుకోదు.

పెద్దమ్మ ఇదంతా విని ఒకే మాట అడిగింది.

"విత్తనం తీసిపెట్టినవా బిడ్డా?"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఆమె వాకిట్లోకి చేయి చూపించింది. అటు పక్క కల్లంలో ఉడికిన పసుపు ఆరుతోంది. ఇటు పక్క గోడ నీడన ఉడకబెట్టని పసుపు కుప్ప, మీద ఎండిన పసుపాకు కప్పి ఉంది.

"గంగాళంల ఏసినంక కొమ్ము మొలవది. గందుకే ఉడకబెట్టే ముందుగాల విత్తనం పక్కకు తీస్తం. ఎకరానికి ఎనిమిది, పది క్వింటాళ్లు. ఎంత ధర పలికినా గది మాత్రం ముట్టం. నువ్వు కూడ ఉడకబెట్టే ముందుగాల పోరని దీవిని పక్కకు తియ్. గా తర్వాత నీ ఇష్టం."

బ్యాకప్ గురించి ఇన్నేళ్లలో నా దగ్గరికొచ్చిన ఎందరికో చెప్పాను. ఇంత సూటిగా నేనెప్పుడూ చెప్పలేకపోయాను.

పోరడి భయానికి ఒక కారణం కూడా ఉంది. వాడి క్లాస్‌మేట్ ఒకడి దగ్గర ఇలాంటిదే ఉండేది. పట్నంలో ఒక షాపులో "కార్డు ఫుల్ చేసిస్తాం, ఆటలన్నీ వేసిస్తాం" అంటే ఇచ్చాడు. వాళ్లు మెమరీ కార్డు ఫార్మాట్ చేసి, ఎక్కడివో ఆటలు నింపి ఇచ్చారు. అంతవరకు ఆ పిల్లాడు ఆడుకున్నదంతా ఆ కార్డులోనే ఉంది. అడిగితే "అదేముంది, కొత్తగా మొదలుపెట్టుకో" అన్నారట. మూడు వందల గంటలు కూర్చుని పెంచుకున్నదాన్ని కొత్తగా మొదలుపెట్టుకోమనడం ఎంత సులువో చూడండి. వాడు ఆ తర్వాత దాన్ని ముట్టుకోలేదట.

అందుకే మేం మొదట వెతికింది అప్‌డేట్‌ను కాదు, దీవి ఎక్కడుందో.

మోడ్ చేసిన స్విచ్‌లో తరచుగా రెండు సిస్టమ్‌లు ఉంటాయి. ఒకటి పరికరం లోపలిది, అసలుది. రెండోది మెమరీ కార్డు మీద దాని నకలు. సేవ్‌లు, అంటే ఆడినంతవరకు దాచి ఉంచే ఫైళ్లు కూడా ఎక్కడ ఆడితే అక్కడే ఉంటాయి. అసలు సిస్టమ్‌లో చూస్తే దీవి లేదు. కార్డు మీది నకలులో లేపితే అన్న కొబ్బరి చెట్లు కనిపించాయి. అంటే ఆ వేలెడంత కార్డే ఈ ఇంటి విత్తనం.

స్విచ్ ఆపి, కార్డు తీసి, నా లాప్‌టాప్‌లో పెట్టాను. ఇక్కడ చాలామంది పొరబడతారు. కంటికి కనిపించే ఫోల్డర్లు కాపీ చేసి, అయిపోయిందనుకుంటారు. నకలు సిస్టమ్ కొన్ని కార్డుల్లో వేరే భాగంలో, కంప్యూటర్‌కు కనిపించకుండా ఉంటుంది. అలాంటప్పుడు మొత్తం కార్డును ఇమేజ్ ఫైలుగా తీయాలి. నేను అదే తీశాను. తర్వాత కార్డు మళ్లీ స్విచ్‌లో పెట్టి, రెండో కాపీగా సేవ్‌ను విడిగా తీశాను. జేకేఎస్‌వీ అనే ఉచిత సాధనం దానికి సరిపోతుంది. అయితే ఈ ఆట సేవ్ మామూలుగా అందరూ చూసే యూజర్ పేరు కింద ఉండదు. పరికరం మొత్తానికి ఒకటే సేవ్ కాబట్టి, డివైస్ సేవ్‌లలో వెతకాలి. అది తెలియక "సేవ్ లేదు" అనుకుని వదిలేసేవాళ్లున్నారు. కాపీ తీశాక తెరిచి చూశాను, ఫైళ్లు ఖాళీగా లేవు కదా అని. తీసిన కాపీని చూడకుండా నమ్మడం కన్నా తీయకపోవడమే నయం, కనీసం భయమన్నా ఉంటుంది.

ఒక కాపీ నా లాప్‌టాప్‌లో, ఒకటి పోరడి పెన్‌డ్రైవ్‌లో. పెన్‌డ్రైవ్‌ను పెద్దమ్మ బీరువాలో పట్టాపాసు పుస్తకం పక్కన పెట్టింది.

కార్డు ఎఫ్‌ఏటీ32 ఫార్మాట్‌లోనే ఉంది, అది మంచిదైంది. ఎక్స్‌ఫ్యాట్ అయితే పెద్ద ఫైళ్లు పడతాయి గానీ, మోడ్ స్విచ్‌లో ఆట మధ్యలో హఠాత్తుగా ఆగిపోతే కార్డు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. ఎఫ్‌ఏటీ32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదన్న హద్దు ఉంది. ఆ హద్దుతో బతకొచ్చు, పాడైన కార్డుతో బతకలేం.

ఇక అప్‌డేట్. పోరడు ఎక్కడో విన్నాడు, ఫైలు దింపుకుని ఎక్కించుకోవచ్చని. ఎవరో పెట్టిన ఫైలును నేను ఎక్కించనన్నాను. ఆ ఫైల్లో ఇంకేం కలిపారో మనకు తెలియదు. పైగా అది ఈ ఆటదేనో కాదో చూసుకోవాలి. స్విచ్‌లో ప్రతి ఆటకూ పదహారు అక్షరాల గుర్తింపు ఉంటుంది. అసలు ఆట గుర్తింపు చివర 000 ఉంటే, దాని అప్‌డేట్ గుర్తింపు చివర 800 ఉంటుంది, మిగతా అక్షరాలన్నీ అవే. ఒక్క అక్షరం తేడా ఉన్నా అది వేరే ఆట అప్‌డేటే.

చట్టం మాట కూడా చెప్పాను. 1957 కాపీరైట్ చట్టానికి 2012లో చేర్చిన 65ఎ సెక్షన్ ప్రకారం, హక్కుల్ని ఉల్లంఘించాలన్న ఉద్దేశంతో రక్షణ తాళాలు పగలగొడితే రెండేళ్ల దాకా జైలు, జరిమానా ఉన్నాయి. అదే చట్టం 52వ సెక్షన్‌లో, తన దగ్గర న్యాయంగా ఉన్న ప్రోగ్రామ్ పాడైపోకుండా బ్యాకప్ కాపీ తీసుకునే వెసులుబాటు కూడా ఇచ్చింది. అమెరికాలో మోడ్ పరికరాల వ్యాపారం చేసిన ముఠాలో ఒకడికి 2022లో కోర్టు 40 నెలల శిక్ష వేసింది. కొన్న ఆటను కాపాడుకోవడం వేరు, కొనని ఆటల్ని అమ్ముకోవడం వేరు. మన పోరడి దగ్గర కొన్న కార్ట్రిడ్జ్ ఉంది. అప్‌డేట్ కంపెనీ ఉచితంగా ఇచ్చేదే. దారి ఒక్కటే దొరకాలి, నెట్‌కు కలపకుండా.

ఆ దారి శివరాత్రి ముందురోజు హైదరాబాద్ బస్సు దిగింది. మా మేనల్లుడు అక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. ఎప్పుడో అమెరికా పోయినప్పుడు తెచ్చుకున్న స్విచ్ వాడి సంచిలో ఉంది. మోడ్ లేనిది, అన్ని అప్‌డేట్లూ ఉన్నది. అందులో ఇదే ఆట.

స్విచ్‌లో కంపెనీ పెట్టిన ఒక సదుపాయం చాలామందికి తెలియదు. రెండు స్విచ్‌లలో ఒకే ఆట ఉండి, ఒకదాంట్లో కొత్త వెర్షన్ ఉంటే, అది దగ్గర్లో ఉన్న రెండోదానికి నేరుగా ఇవ్వగలదు. నెట్ అక్కర్లేదు, సర్వర్ అక్కర్లేదు. ఆట బొమ్మ మీద ప్లస్ మీట నొక్కి, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లోకి పోతే, దగ్గరివాళ్లతో వెర్షన్ సరిపోల్చుకునే వరుస కనిపిస్తుంది. స్విచ్ అప్‌డేట్లకు ఇంకో మంచి గుణం కూడా ఉంది. మధ్యలో వచ్చినవన్నీ ఒక్కొక్కటిగా ఎక్కించనక్కర్లేదు. ఆఖరుది వేస్తే ముందువన్నీ అందులోనే ఉంటాయి.

సిస్టమ్ సంగతి ముందే చూశాను. అన్న సెలవుకు వచ్చేముందు దుబాయ్‌లో స్నేహితుడొకడు మోడ్‌నూ సిస్టమ్‌నూ రెండింటినీ వరుస తప్పకుండా పెంచి ఇచ్చాడట. ఆట ఒక్కటే పాతది. కాబట్టి మొదటి రెండు మెట్లూ ఎక్కినవే, మూడోది మిగిలింది.

మేనల్లుడు మా వైపు గోడ మీద వాడి స్విచ్ పెట్టాడు. పోరడు అటు వైపు తనది పెట్టాడు. రెండింటికీ చార్జర్ తగిలించాం, మధ్యలో ఆగితే కష్టం కదా. పెద్దమ్మ ఇద్దరికీ గోడ మీదే సకినాల గిన్నె పెట్టింది. తెర మీద గీత మెల్లగా నిండుతోంది.

"ఏమిస్తున్నడు గాడు?" అని అడిగింది.

"తోడిస్తున్నడు పెద్దమ్మా" అన్నాను. "వాళ్ల గిన్నెలోది తగ్గదు, మన పాలు పెరుగైతయి."

గీత నిండింది. పోరడు ఆట తెరవలేదు, నా ముఖం చూశాడు. తెరువు అన్నాను. తెరిచాడు. మొదట దీవి పేరు వచ్చింది, మా ఊరి పేరు. తర్వాత ఒడ్డు, కొబ్బరి చెట్లు, ఎడం తప్పని ఆ పూల మడులు. అన్నీ నాయిన పెట్టిన చోటే ఉన్నాయి. మూలన వెర్షన్ అంకె మారింది. అప్పుడు వాడు సకినం అందుకున్నాడు.

ఆ రాత్రి అన్న వీడియో కాల్ వచ్చింది. పోరడు ఫోన్‌ను స్విచ్ తెర ముందు పట్టుకుని దీవంతా తిప్పి చూపించాడు. అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "గా వాగు పక్కన జాగా ఇడిచిపెట్టిన, యాదికున్నదా? గాడ చెరుకు ఏయ్ బిడ్డా" అన్నాడు. పెద్దమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని లోపలికి పోయింది.

ఇది జరిగాక మా వాడకట్టులో ఇంకో ముగ్గురు పిల్లలు తమ పరికరాలు పట్టుకుని గోడ దగ్గరికొచ్చారు. ఒకడిది స్విచ్, ఇద్దరివి సోనీ వాళ్ల పాత పీఎస్‌పీలు. పీఎస్‌పీ 2004 డిసెంబర్‌లో జపాన్‌లో మొదలైంది. ఆ పరికరంలోంచే ఆటలు కొనుక్కునే సోనీ దుకాణం ఇప్పుడు మూతపడింది. ఆ పరికరాల్లో ఆట అప్‌డేట్లు తక్కువే. సేవ్‌లు మాత్రం మెమరీ స్టిక్ మీదే ఉంటాయి. ఆ స్టిక్‌లకు వయసు మీదపడింది. కంపెనీ దుకాణం మూసేసినా మన సేవ్‌ను మనం దాచుకోవచ్చు, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ముగ్గురికీ ముందు కాపీలు తీసిచ్చాను. ఆ తర్వాతే వాళ్లు అడిగింది విన్నాను.

గల్ఫ్ నుంచి వచ్చిన పెట్టెల్లో ఇలాంటి పరికరాలు మన జిల్లాలో ఎన్ని ఇళ్లలో ఉన్నాయో. వాటిలో ఎవరి రాత్రులు ఎన్ని దాగున్నాయో. తల్లిదండ్రులకు నేను చెప్పేది ఒకటే. మీ పిల్లాడి చేతిలోది ఆట డబ్బా అని తీసిపారేయకండి. అప్‌డేట్ కోసమో, ఆటలు నింపడం కోసమో ఎవరి చేతిలోనైనా పెట్టేముందు, అందులో ఉన్నది ముందు దాచారా అని అడగండి. దాచలేదంటే ఆ రోజు ఏమీ ఎక్కించకండి. అప్‌డేట్ రేపైనా వస్తుంది. పోయిన దీవి రాదు. మా పెద్దమ్మ అడిగినట్టే అడగండి, విత్తనం తీసిపెట్టినవా బిడ్డా అని.